వల కోసినోడి సినిమా

మా మామ మాల్యాద్రి సినిమాలో చేశాడంటే మా పుట్టింటివాళ్ళు ఇప్పటికీ నమ్మరు. వాళ్ళ తప్పేం లేదు. డెబ్బై నాలుగేళ్ళ ఆ మనిషి ఆధార్ కార్డు ఫొటోలో కూడా ఎవరినో తిట్టడానికి నోరు తెరవబోతున్నట్టు ఉంటాడు. ఇరవై ఐదేళ్ళుగా ఆయనకు కోడలిగా చేస్తున్నదాన్ని, నాకే మొదట నమ్మకం కుదరలేదు. ఆ సినిమాకు నెల్లూరులో బహుమతి వచ్చింది, అది వేరే సంగతి. నేను చెప్పబోయేది బహుమతి గురించి కాదు.

ఈ ఏడు వేట నిషేధం మొదలైన వారానికి మొదలైందిది. ఏప్రిల్ మధ్య నుంచి జూన్ మధ్య దాకా చేపలు గుడ్లు పెట్టే కాలమని ఇంజను పడవలు సముద్రంలోకి పోకూడదు. మా ఊరి కట్టుబాటు ఇంకా గట్టిది. ఆ రెండు నెలలూ ఊరుమ్మడి పెద్దవల కూడా దించం. బోగోలు మండలం మొత్తంలో ఇంత నియమంగా ఉండే ఊరు లేదని ఊరి పెద్ద, మా పెద్దకాపు చిన్నపోలయ్య మీసం దువ్వుకుంటాడు. మగాళ్ళు ఇసకలో కూర్చుని వలలు బాగుచేసుకుంటూ పేకాడుకుంటూ గడుపుతారు. ఆడవాళ్ళం మాత్రం ఎండుచేపల గంపలెత్తుకుని కావలికి తిరుగుతూనే ఉంటాం. నిషేధం వేటకే గాని పొయ్యికి కాదు గదా!

అట్లాంటి ఒక పొద్దున మా ఊరి ఆదెయ్యన్న కూతురు రోజారమణి మా ఇంటికొచ్చింది. నెల్లూరులో పెళ్ళిళ్ళకు వీడియోలు తీస్తుంది ఆ పిల్ల. సొంత కెమెరా, సొంత స్కూటీ. భయమంటే ఏమిటో తెలియదు. వస్తూనే మామ ముందు గొంతుక్కూర్చుంది.

"తాతా, నేనొక చిన్న సినిమా తీస్తా ఉండా. ఒక ముసలాయన పడవలో కూసోని తన బతుకునంతా వెనక్కి తిరిగి చూసుకుంటాడు. నువ్వే ఆ ముసలాయనవి."

మామ అల్లుతున్న వల మీంచి తల ఎత్తలేదు. "చూసుకునేదానికి ఏముండాది మే? అంతా నీళ్ళే."

"ఆ నీళ్ళే చూపిస్తా."

"పడవ దించకూడదు గదమ్మా ఇప్పుడు, నీళ్ళలోకి ఎట్టా పోతారు?" అన్నాను నేను.

"సముద్రాన్ని ఈడికే తెస్తాం అత్తా. ఊళ్ళో ఉండే నీలం చీరలన్నీ పోగెయ్యి చాలు. ఆడోళ్ళందరూ కొసలు పట్టుకుని ఊపితే అలలు. మధ్యలో పడవ. తాత వల విసిరితే చేపలకు బదులు ఆయన గడిపిన రోజులు పడతాయి."

నాకు పిచ్చి నవ్వొచ్చింది. మామ మాత్రం నవ్వలేదు. సూది నేల మీద పెట్టి, "వల కోసింది కూడా పెడతావా?" అన్నాడు.

రోజారమణి మొహం చిన్నబోయింది. "నీకు బాధని అది లేకుండానే రాసుకున్నా తాతా."

"అట్టయితే నాకొద్దు. పెడితే అంతా పెట్టు. జరిగింది జరిగినట్టు పెట్టు. లేదంటే ఇంకో ముసలోణ్ణి చూసుకో, ఊరినిండా ఉండారు."

వల కోయడం సంగతి చెప్పాలి. ఇరవై ఏడేళ్ళ కిందటి మాట. నేనింకా ఈ ఇంటికి రాలేదు. కార్తీకమాసంలో వానలకు మా వాగు పొంగిన రోజుల్లో పెద్దవలకు ఎన్నడూ లేనంత చేప పడింది. పెద్దవలంటే పడవలో నలుగురు పోయి సముద్రంలో అర్ధచంద్రంలా దించి వచ్చే వల. దాని రెండు కొసల తాళ్ళూ ఒడ్డున ఉన్నవాళ్ళు పట్టుకుని లాగాలి, ఉత్తరాన కొందరు, దక్షిణాన కొందరు. దక్షిణపు తాడు దగ్గర ఆ రోజు పదిమంది. ముందు నిలబడ్డది అప్పటి పెద్దకాపు పెద్దపోలయ్య, అంటే ఇప్పటి చిన్నపోలయ్య తండ్రి. పడవలో మా మామ. వల సగం దాకా వచ్చాక మామ కత్తి తీసి దక్షిణపు తాడు కోసేశాడు. చేప పోయింది. ఉత్తరపువాళ్ళ చేతుల్లోంచి తాడు జారిపోయి వల వరదకు కొట్టుకుపోయింది. ఊరి నోట్లో మట్టి కొట్టాడన్నారు.

పంచాయతీలో మామ, "వాగు నీళ్ళు వలను లోపలికి ఈడుస్తా ఉండాయి, పదిమందీ పోయేవాళ్ళు" అన్నాడట. "మా కాళ్ళు నేల మీదనే ఉండాయి, వీడే పడవ మునుగుద్దని భయపడి కోసినాడు" అన్నాడట పెద్దపోలయ్య. మిగతా తొమ్మిదిమందీ తలలు వంచుకున్నారు. పెద్దకాపు మాటకు ఎదురు చెప్పేవాడెవడు? దురాయి వేశారు. మా పల్లెల్లో పెద్దలు వేసే కట్టడిని దురాయి అంటారు, దాటినవాణ్ణి ఊరు పలకరించదు. మాల్యాద్రి బతికున్నన్నాళ్ళూ ఊరుమ్మడి వల మీద గాని, దాని తాడు మీద గాని చెయ్యి వెయ్యకూడదు. అదీ తీర్పు. మామ తన మాట రెండోసారి చెప్పలేదు.

నేను కోడలిగా వచ్చేసరికి ఈ ఇంటికి 'వల కోసినోడి ఇల్లు' అని పేరు. నేను మాత్రం తక్కువ తిన్నానా? ఒళ్ళు మండినప్పుడల్లా, "తాడు కోసినంత తేలిక కాదులే సంసారం ఈదడం" అని గిన్నెలతో చెప్పేదాన్ని, ఆయనకు వినబడేట్టు. ఊరు నమ్మినట్టే నేనూ నమ్మాను. కాని ఒకటి మాత్రం చూశాను. పెద్దవల లాగే రోజు మామ ఇంట్లో ఉండలేడు. దూరంగా ఇసకదిబ్బ మీద చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడతాడు. వెనక ఆ వేళ్ళు తాడు లాగుతున్నట్టే కదులుతుంటాయి. చచ్చేలోగా ఒక్కసారి ఆ తాడు పట్టుకోవాలని ఆయనకుందని ఇంట్లో అందరికీ తెలుసు. నోరు తెరిచి అనేవాళ్ళు లేరు.

మే నెల రోహిణి ఎండల్లో మా సముద్రం తయారైంది. నలభై రెండు నీలం చీరలు. సిమెంటు రంగువి కూడా కలిపేశాం, దూరానికి ఎవరు చూడొచ్చారు? నూనె డబ్బాల రేకులు కత్తిరించి చేపలు చేశారు. పొద్దున ఆరింటికి మొదలుపెట్టి, ఇసక కాలేలోపు ఆపేసేవాళ్ళం. మామ పడవలో నిలబడి చీరల్లోకి వల విసిరేవాడు. ఒకసారి ఆయన మొదట పట్టిన తెడ్డు పడింది, ఒకసారి పెళ్ళినాటి బాసికం. "విసిరేది అట్టా కాదు మే, నీ కెమెరా ఇటు తిప్పు" అని రోజారమణికే పాఠాలు మొదలుపెట్టాడు ఆ పెద్దమనిషి!

ఒకరోజు రోజారమణి నా మీద పడింది. "అత్తా, ఆదిశేషమ్మ అవ్వ వేషం నీదే. చేపల గంప నెత్తినబెట్టుకుని అలల మీద నడిచి రావాల."

"మా అత్త వేషమా? బతికుండంగా ఆమె చీర ముట్టుకుంటేనే నా చెయ్యి విరిచేది తల్లీ!"

"ఇప్పుడు విరవదులే."

పెట్టె అడుగున ఉన్న ఆమె ఎర్ర చీర కట్టాను. ఆడవాళ్ళు నన్ను చూసి ఒకటే నవ్వులు. గంప ఎత్తుకుని, చీరల కింద పరిచిన బల్లల మీద అడుగులో అడుగు వేసుకుంటూ పడవ దగ్గరకు పోయాను. నాకు మాటలేమీ లేవు. గంప దించి, ఆయన వైపు చూసి, వెనక్కి పోవడమే.

మామ నన్ను చూశాడు. చూపు మారిపోయింది.

"ఎండలో వచ్చినావే ఆదిశేషా. కాళ్ళకు చెప్పుల్లేవా?" అన్నాడు. ఇది రాసుకున్న మాట కాదు. రోజారమణి కెమెరా ఆపలేదు. "భయపడి కొయ్యలా మే నేను. ఊరంతా అడిగింది, నువ్వొకదానివే అడగలా. అడిగుంటే నీకైనా ఇంకోసారి చెప్పుండేవాణ్ణి."

"అడిగేదేముండాది? నాకు తెలుసులే" అన్నాను. అచ్చం మా అత్త అనే తీరులోనే వచ్చింది ఆ మాట.

మామ తలాడించాడు. నేను గంప అక్కడే వదిలేసి గబగబా ఇంటికొచ్చేశాను. ఇన్నేళ్ళు గిన్నెలతో చెప్పిన మాటలన్నీ వరసగా గుర్తొచ్చాయి. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ పూట వంట కూడా చెయ్యలేదు, మా ఆయన చిన్నబాబు గంజి తాగి పడుకున్నాడు.

తర్వాత నాలుగు రోజులకు వల కోసే ఘట్టం పెట్టుకున్నారు. ఊరు ఊరంతా వచ్చింది. అసలు తాడు మామ ముట్టుకోకూడదు గనక చీరలు పేని పొడుగాటి తాడు చేశాం. ఒక కొస ఒడ్డున ఉన్న పదిమందికి, రెండో కొస చీరల సముద్రంలో ఉన్న ఆడవాళ్ళకు, మధ్యలో మామ పడవ. మేమే వాగు వరద. చిన్నపోలయ్య దూరంగా బోర్లించిన పడవ మీద కూర్చున్నాడు. "సినిమానే గదా, కానీయండి" అని ఒప్పుకున్నాడే గాని ఆయన ముఖంలో నవ్వు లేదు.

ఆనాటి పదిమందిలో ఇప్పుడు బతికున్నది నలుగురు. వాళ్ళలో ఆదెయ్యన్న ఒకడు. మిగతా చోట్ల వాళ్ళ వాళ్ళ కొడుకులు నిలబడ్డారు, పెద్దపోలయ్య చోటులో మాత్రం వేరే కుర్రాడు. మామ పడవ దిగి వచ్చి ఒక్కొక్కణ్ణీ భుజం పట్టుకుని నిలబెట్టాడు. నువ్వు ఇటు, నువ్వు రెండడుగులు వెనక్కి. ఇరవై ఏడేళ్ళయినా ఒక్క చోటు కూడా తప్పలేదు.

"ఆదెయ్యా, నువ్వు చివర. నీ పక్కనే మొగ."

వాగు సముద్రంలో కలిసే చోటు మొగ. ఆదెయ్యన్న పోయి నిలబడ్డాడు.

"ఇప్పుడు నడుములకు కట్టుకోండి."

బరువైన వల లాగేటప్పుడు చేతులు చాలకపోతే, నడుముకో తాడుముక్క కట్టుకుని దాన్ని వల తాడుకు ముడేసి వెనక్కి వాలి లాగుతారు. కాని వాగు పొంగినప్పుడు నడుముకు కట్టుకోకూడదని మా ఊళ్ళో పసిపిల్లకైనా తెలుసు. పదిమందిలో ఒకడు అదే అన్నాడు. "వరదలో కట్టుకుంటారా ఎవురైనా?"

"ఆ రోజు కట్టుకున్నారు," అన్నాడు మామ. "చేపను చూసి కట్టుకున్నారు. కట్టుకోండి."

రోజారమణి చెయ్యి ఊపింది. మేం లాగడం మొదలుపెట్టాం. యాభై మందిమి ఆడవాళ్ళం, నిషేధం పేరు చెప్పి నెలన్నరగా ఇంట్లో కూర్చుని టీలు అడిగే మగాళ్ళను లాగే అవకాశం మళ్ళీ వస్తుందా? ఒంట్లో బలమంతా పెట్టి లాగాం. పదిమందీ జారారు. మొదట వాళ్ళూ నవ్వారు. కాళ్ళ కింద ఇసక కొట్టుకుపోయింది. ఒకడు పడ్డాడు, వాడి మీద ఇంకొకడు. ముడులు బిగుసుకున్నాయి. చివరనున్న ఆదెయ్యన్న మోకాళ్ళ మీద పడి ఈడ్చుకుపోతున్నాడు. అతని ముఖంలో నవ్వు పోయింది.

మామ పడవలో కత్తి ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు. కొయ్యడం లేదు.

"తాతా, కొయ్యి!" అని అరిచింది రోజారమణి.

"పిలవలా ఇంకా," అన్నాడు మామ.

"ఎవురు?"

"ఆ రోజు పిలిచినారు. పిలిస్తేనే కోసినా."

లాగుతున్న మా చేతులు ఆగలేదు, ఎవరూ ఆపమనలేదు. ఆదెయ్యన్న ఒక చేత్తో ఇసక పట్టుకోబోయాడు, అది చేతిలోకి వచ్చేసింది. తల ఎత్తి పడవ వైపు చూశాడు. ఉన్నట్టుండి గొంతు చించుకుని అరిచాడు.

"కొయ్ మామా! కాళ్ళు ఆనడంలా! కొయ్ మామా, కొయ్!"

మామ కోశాడు. మేం ఆడవాళ్ళమంతా వెల్లకిలా పడ్డాం, అటు పదిమందీ ఇసకలో పడ్డారు. ఎవరూ నవ్వలేదు. ఆదెయ్యన్న కూర్చుని నడుము ముడి విప్పుకుంటున్నాడు, అది బిగుసుకుపోయి రావడం లేదు.

రోజారమణి కెమెరా దించింది. "నాయనా, ఆ మాట నేను రాయలా."

"నువ్వు రాయలా మే. ఆ రోజు నేనన్న మాట," అన్నాడు ఆదెయ్యన్న. "పిలిచింది నేనే. పంచాయతీలో తలకాయ వంచుకున్నదీ నేనే. మూడేళ్ళకు నువ్వు పుట్టినావు. నిన్ను ఎత్తుకున్నప్పుడల్లా ఆ మాట చెప్పాలనుకున్నా. పెద్దకాపుకు భయపడినా."

మిగతా ముగ్గురు ముసలివాళ్ళలో కాదన్నవాడు లేడు. అందరి తలలూ చిన్నపోలయ్య వైపు తిరిగాయి. ఆయన లేచి, పంచెకంటిన ఇసక దులుపుకుని ఇంటివైపు వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి మా ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టలేదు. తండ్రి మీద పడ్డ మాటను ఏ కొడుకు ఊరుకుంటాడు? మామ ఒక్కడే గుర్రు పెట్టి నిద్రపోయాడు. తెల్లవారి నేను వాకిలి చిమ్ముతుంటే చిన్నపోలయ్య వచ్చి నిలబడ్డాడు. చీపురు గట్టిగా పట్టుకున్నాను, ఎందుకైనా మంచిదని.

"బావా, గొడవకైతే రాబాకు. ముసలోడు రాత్రి తిండి కూడా తినలా," అన్నాను. అబద్ధమే, శుభ్రంగా తిన్నాడు.

"గొడవకు రాలా వనజాక్షీ." ఆయన అరుగు మీద కూర్చున్నాడు. మామ బయటికొచ్చి ఎదురుగా నిలబడ్డాడు. చిన్నపోలయ్య నేల చూస్తూ చెప్పాడు. "మా నాయన నెల్లూరు ఆస్పత్రిలో పోయినాడు గదా చిన్నాయనా. ఆఖరి మూడు రోజులూ స్పృహ లేదు. చెయ్యి మటుకు నడుము కాడికే పోతా ఉన్నింది. వేళ్ళతో ఏందో విప్పతా ఉన్నాడు. పంచె బిగుతుగా ఉండాదేమోనని వదులు చేసినాం. అయినా విప్పతానే ఉన్నాడు. ఎందుకో మాకు తెలీలా. నిన్న ఆదెయ్యను చూసినాక తెలిసింది."

మామ పోయి ఆయన పక్కన అరుగు మీద కూర్చున్నాడు. "మీ నాయన పిరికోడు కాదురా," అన్నాడు. "ఊరికి పెద్ద. పెద్దే వరదలో నడుముకు కట్టుకుని తప్పు చేసినాడంటే ఊరు చెదిరిపోతుందని ఆయన భయం. ఆ భయం నాకు తెలుసు."

"తెలిసి ఇన్నేళ్ళు ఊరుకున్నావా?"

"ఒకసారి చెప్పినా గదా. ఎన్నిసార్లు చెప్పాల?"

ఆ మధ్యాహ్నమే పంచాయతీ కూడింది. తండ్రి వేసిన దురాయిని కొడుకు ఎత్తేశాడు. 'మా నాయన తప్పు చెప్పినాడు' అని ఊరి మధ్య నిలబడి అనడానికి ఎంత గుండె కావాలి! మా మామ కంటే ఆ పూట ఆయన్ని చూసే నాకు ఎక్కువ ఏడుపొచ్చింది.

జూన్ పదిన తుఫాను షెల్టర్ కిటికీలకు గోనెసంచులు కట్టి, పట్టపగలు గోడ మీద సినిమా వేసింది రోజారమణి. ఇరవై నిమిషాలే. చీరలు చీరల్లా లేవు, సముద్రమే. నేను నడిచి వస్తుంటే వెనక నుంచి ఎవరో, "అబ్బా, ఆదిశేషమ్మే!" అన్నారు. గర్వంగా అనిపించింది, ఎందుకు దాచాలి? ఆదెయ్యన్న కేక దగ్గర హాలంతా ఊపిరి బిగబట్టింది.

ఆఖరి ముక్క మామకు తెలియకుండా తీసింది ఆ గడుసుపిల్ల. కోసిన తాడు పట్టుకుని ముసలాయన పడవలో ఒంటరిగా ఉంటాడు. చీరల అల ఒకటి పైకి లేస్తుంది, దాని కింద నుంచి ఒక మనిషి తల. తర్వాత ఇంకొకటి. ఆడవాళ్ళు, మగాళ్ళు, చంకలో బిడ్డలు, అలల్లోంచి లేచి వస్తూనే ఉన్నారు.

"ఎవురు మే వీళ్ళంతా?" అన్నాడు మామ.

"ఆ రోజు తాడుకు కట్టుకున్న పదిమందికీ తరవాత పుట్టిన బిడ్డలు, మనవళ్ళు తాతా. అరవై ముగ్గురు. చివర వచ్చేది నేనే, కెమెరా మా అమ్మకిచ్చి."

మామ గోడ వైపే చూస్తూ కూర్చున్నాడు. కన్నీళ్ళు గడ్డంలోకి కారిపోతున్నాయి, తుడుచుకోవడం లేదు. "సరిగ్గా లెక్కేసినావా?" అన్నాడు. హాలు మొత్తం నవ్వింది, ఏడ్చింది. నేను రెండూ కలిపి చేశాను.

నిషేధం తీరిన మర్నాడు పెద్దవల దించారు. పైన ఎక్కడో వానలు పడి వాగుకు అప్పుడే కొత్తనీరు వచ్చింది, మొగ ఎర్రగా ఉంది. మామ అలవాటుగా దిబ్బ మీదికి నడిచిపోతుంటే చిన్నపోలయ్య ఎదురెళ్ళి చెయ్యి పట్టుకుని దక్షిణపు తాడు దగ్గరకు తీసుకొచ్చాడు. ముందు, తన తండ్రి నిలబడ్డ చోట నిలబెట్టాడు. తాడు చేతికిచ్చాడు. మామ ఆ తడి తాడును అరచేత్తో నిమిరాడు. మా ఆయన చిన్నబాబు వెనక్కి తిరిగి ముఖం తుడుచుకున్నాడు.

వల బరువుగా ఉంది. చేప బాగా పడ్డట్టుంది. కుర్రవాళ్ళు ఉత్సాహంగా తాడుముక్కలు తీసి నడుములకు కట్టుకోవడం మొదలుపెట్టారు. చేప ఆశలో చిన్నపోలయ్య కూడా కట్టుకున్నాడు.

మామ వెనక్కి తిరిగి చూశాడు. అంత పెద్ద గొంతు ఆయనకుందని నాకు ఇరవై ఐదేళ్ళలో తెలియదు.

"ఒరే! ఎవుడూ నడుముకు కట్టుకోబాకండి! విప్పండి! మొగ చూసినారా ఎట్టుండాదో? చేతుల్తో లాగండి. చెయ్యయితే వదిలేసేదానికి ఉంటుంది. చేప పోతే రేపొస్తుంది!"

అందరికంటే ముందు పెద్దకాపు చిన్నపోలయ్య తన నడుము ముడి విప్పాడు. ఆ తర్వాత ఆదెయ్యన్న, ఆ తర్వాత వరసగా అందరూ. నేను గంప పక్కనబెట్టి, కొంగు దోపుకుని, పోయి మామ వెనక తాడు పట్టుకున్నాను. ఆయన ఒకసారి నా వైపు చూసి, "గట్టిగా పట్టుకోమే, ఇది గిన్నె కాదు" అన్నాడు. అని, సముద్రం వైపు తిరిగి, లాగండిరా అని కేకేశాడు.